కంటికి కానరాని వేలంపాట

తెలుగువారి వాడుకలో ‘వేలంవెర్రి’ అను మాట ఒకటి ఉన్నది. ఆ మాటను కల్పించినవారు మనుష్య స్వభావమును చక్కగా ఎరిగినవారు. వస్తువు తనకు కావలెనా, అక్కరలేదా అను విచారణ మరచి, ప్రక్కవాడు పది పెంచినాడు గనుక తాను ఇరువది పెంచుట వేలంవెర్రి. పాట సాగుచున్నంతసేపు పాటదారునికి ఎదుటి పాటదారుడు తప్ప మరేమియు కనబడదు. ఈ సంగతి సరకు అమ్మువారికి పూర్వమునుండియు తెలియును. కావుననే వేలముతోపాటు వేలములోని మోసము కూడ పుట్టి పెరిగినది.

ఇటీవల మా కార్యాలయమునకు వచ్చుచున్న శ్రోతల లేఖలలో సెల్‌ఫోనులో చూచిన ప్రకటనలను గురించిన ప్రశ్నలు తరచుగా కనబడుచున్నవి. ఫలానా పాత నాణెమునకు లక్షల రూపాయలు ఇత్తురట, నిజమేనా? వేలములో కొన్న పట్టుచీర పట్టుది కాదని తేలినది, ఏమి చేయవలెను? ఇట్టి ప్రశ్నలన్నింటికి వేరువేరుగా జవాబు వ్రాయుటకంటె, ఆన్‌లైను వేలములలో మోసపు ప్రకటన ఏ విధముగా పనిచేయునో ఒకచోట వివరించుట మేలని తలచినాము.

ముందుగా మనకు తెలిసిన వేలమును తలచుకొందము. చెరువు చేపలకు, దేవుని మాన్యముల కౌలుకు, సంత ఆశీలుకు ఊరి నడుమ జరుగు పాటలలో చెరువు ఎదుటనే ఉండును. పాడువారెవరో ఊరివారికందరకు తెలియును. పొగాకు బోర్డు వేలపు కేంద్రములలో బేళ్ళను వరుసగా పేర్చుదురు. వర్తకులు వరుసవెంట నడచి, ఆకు చేతితో తీసి, రంగు చూచి, నలిపి ధర చెప్పుదురు. హైదరాబాదు దగ్గరి బాలాపూరులో గణపతి లడ్డు వేలము 1994లో 450 రూపాయలతో మొదలై 2024 నాటికి 30 లక్షలు దాటినది. ఆ ధర సబబా కాదా అన్నది భక్తుల ఇష్టము. కాని ఆ పాటలో మోసమునకు చోటు తక్కువ. లడ్డు వేదికమీద ఉన్నది, పాడువాడు వేదికముందు నిలిచి ఉన్నాడు, వేలమంది చూచుచున్నారు. ‘ఒకటవసారి, రెండవసారి, మూడవసారి’ అని అందరు వినుచుండగా పాట ముగియును.

ఆన్‌లైను వేలములో సరకు కనబడదు, అమ్మువాడు కనబడడు, తోటి పాటదారులును కనబడరు. కొనువానికి మిగిలినవి ఒక చిత్రము, కొన్ని వాక్యములు, పెరుగుచున్న ఒక అంకె. ఈ మూడింటిలో ప్రతిదానికి ఒక మోసము ఉన్నది.

ఈ పద్ధతికి ప్రసిద్ధి తెచ్చిన సంస్థ 1995 సెప్టెంబరులో అమెరికాలో మొదలైనది. కాలిఫోర్నియా రాష్ట్రములోని శాన్‌హోసే నగరములో పియెర్ ఒమిడ్యార్ అను యువకుడు ‘ఆక్షన్‌వెబ్’ అను పేర ఒక వేలపు వెబ్‌సైటును తెరచెను. అదియే తరువాత ‘ఈబే’ ఆయెను. అక్కడ అమ్ముడుపోయిన మొదటి వస్తువు చెడిపోయిన లేసరు సూచిక; ధర 14 డాలర్ల 83 సెంట్లు. అది పనిచేయదన్న సంగతి తెలిసియే కొనుచున్నావా అని ఒమిడ్యార్ కొన్నవానిని అడుగగా, తాను చెడిపోయిన లేసరు సూచికలనే సేకరించుచున్నానని అతడు బదులు చెప్పెనట. ఈ కథను ఆ సంస్థవారే ఇష్టముగా చెప్పుకొందురు. ఆ వ్యాపారమంతయు అట్టి నిజాయితీతో నడచియుండినచో మేము ఈ వ్యాసము వ్రాయవలసిన పని ఉండెడిది కాదు.

మన దేశములో 2000లో ముంబయి కేంద్రముగా ‘బాజీ’ అను వేలపు వెబ్‌సైటు వెలసినది. 2004లో ఈబే దానిని కొని తన పేర నడపినది. 2018 ఆగస్టులో ఆ దుకాణము ఈ దేశమున మూతపడినది. నేడు మన దేశమున ఆన్‌లైను వేలములు ఎక్కువగా బ్యాంకుల తాకట్టు ఆస్తులకు, ప్రభుత్వ సరకులకు, దేవస్థానముల సామగ్రికి జరుగుచున్నవి. తిరుమల కల్యాణకట్టలోని తలనీలాలు కూడ ఆన్‌లైను వేలములోనే అమ్ముడుపోవుచున్నవి. అచ్చట సరకును పొడవునుబట్టి తరగతులుగా విభజించి ప్రకటింతురు. ఎక్కడో కూర్చున్న కొనుగోలుదారుడు ఆ తరగతి పేరును నమ్మి పాడును. ప్రకటనలోని ఒక్క మాటకు ఎంత బరువున్నదో దీనివలన తెలియుచున్నది.

ఇక మాటలతో జరుగు మోసమును చూతము. అబద్ధము చెప్పిన ప్రకటనకంటె, అబద్ధము చెప్పకయే నమ్మించు ప్రకటన ప్రమాదకరమైనది. ‘పోచంపల్లి తరహా’, ‘కంచి శైలి’, ‘పురాతన వస్తువు వంటిది’ అనునప్పుడు ఆ తోకలోనే అసలు సంగతి దాగియున్నది. నిజమైన ఇక్కతు నేతలో నూలునకు ముందే రంగులు అద్ది తరువాత నేయుదురు గనుక, బట్టకు ఇరువైపుల నమూనా ఇంచుమించు ఒకే తీరుగా కనబడును. అచ్చువేసిన గుడ్డకు వెనుకవైపు వెలవెలబోవును. ప్రకటనలోని చిత్రము ఎప్పుడును ముందువైపే! వెనుకవైపు చిత్రము పంపుమని అడిగినప్పుడు అమ్మువాడు మాట మార్చినచో ఇక వేరే పరీక్ష అక్కరలేదు. ‘వన్ గ్రామ్ గోల్డ్’ అనగా పైపూత నగలని మన ఇండ్లలోని స్త్రీలందరకు తెలియును. అదే పేరు తెలియనివారి కంటబడినప్పుడు ఒక గ్రాము బంగారముగా తోచును. ‘పరీక్షించి చూడలేదు’ అని వ్రాసిన రేడియోను, కెమెరాను గూర్చి కూడ ఒక మాట. ఇంటిలో కరెంటు ఉన్నవాడు రేడియోను మీట వేసి చూడకుండ అమ్మకమునకు పెట్టుట మాకు నమ్మశక్యముగా లేదు.

2013 డిసెంబరులో ఇంగ్లాండులోని నాటింగ్‌హామ్ నగరమున ఒక విద్యార్థి తన చిన్న కుమారునికి క్రిస్మసు కానుకగా ‘ఎక్స్‌బాక్స్ వన్’ అను ఆటయంత్రమును ఈబేలో కొనెను. చెల్లించినది 450 పౌండ్లు. ఇంటికి వచ్చినది ఆ యంత్రపు ఛాయాచిత్రము. ప్రకటనలో ‘ఫోటో’ అను మాట ఒకచోట ఉన్నది. అతడును ఆ మాట చూచినాడు. కాని ప్రకటన ఆటయంత్రముల శీర్షిక క్రింద ఉండుటచేత యంత్రమే వచ్చునని నమ్మెను. తుదకు అతని సొమ్ము అతనికి తిరిగి లభించినది. అంతకు పదమూడేండ్ల ముందు, 2000లో, ‘ప్లేస్టేషన్ 2’ యంత్రములు దొరకక జనులు ఎగబడుచున్న దినములలో, ఆ యంత్రపు ఖాళీ అట్టపెట్టెలను ఇదే తీరుగ వేలమువేసి వందల డాలర్లు గడించినవారున్నారు. అట్టి ప్రకటనలో యంత్రపు గుణగణములను పది వాక్యములలో వర్ణించి, అమ్మునది పెట్టె మాత్రమే అను సంగతిని ఒక మూల ఇరికింతురు. సరకు కొరత, పండుగ తొందర, చిన్నపిల్లల ఆశ — ఈ మూడును కలసిన వేళలనే ఇట్టి ప్రకటనలు పుట్టుట గమనింపదగినది.

చిత్రకళాచరిత్రలో చోటు సంపాదించుకొన్న ఒక మోసమును కొంచెము విపులముగా చెప్పవలసియున్నది. ఎందుచేతననగా దానిలో దాదాపు అన్ని ఉపాయములు ఒకచోట ఉన్నవి.

2000 మే నెలలో ఈబేలో ఒక తైలవర్ణ చిత్రము వేలమునకు వచ్చెను. ఆరంభపు పాట 25 సెంట్లు. అమ్ముదారు తాను కళ ఎరుగని సామాన్య సంసారినని అర్థము వచ్చునట్లు వ్రాసుకొనెను. ఎన్నో ఏండ్ల క్రిందట బర్క్‌లీలో ఒక ఇంటివారు పాతసామాను అమ్మగా కొన్నాననియు, భార్య దానిని ఇంటిలో పెట్టనీయలేదనియు, పిల్లవాని ఆటబండి తగిలి చిత్రమునకు చిల్లుపడినదనియు వ్రాసెను. చిత్రపు చిత్రములలో ఒకదానిలో మాత్రము ఒక మూల రెండు పొడి అక్షరములు, 52 అను అంకె కనబడుచుండెను. రిచర్డ్ డీబెన్‌కార్న్ అను సుప్రసిద్ధ అమెరికను చిత్రకారుని పేరు ఆ ప్రకటనలో ఎక్కడను లేదు. కాని ఆ పొడి అక్షరములు ఆయనవే!

దీనిలోని మర్మము ఇది. అమ్మువాడు తానే ‘ఇది డీబెన్‌కార్న్ చిత్రము’ అని చెప్పినచో కొనువాడు శంకించును, ఋజువు చూపుమనును. అమ్మువాడు అమాయకుడై, కొనువాడు తానే ఆ అక్షరములను కనుగొన్నప్పుడు, తన తెలివికి తానే మురిసి, ఈ వెర్రివానికి రత్నపు విలువ తెలియలేదని సంబరపడును. మోసగింపబడువాడు తానే మోసగించుచున్నానని తలచును. పాట పెరిగి పెరిగి 1,35,805 డాలర్లకు చేరెను. హాలెండు దేశస్థుడొకడు దానిని దక్కించుకొనెను. అమెరికా పత్రికలు ఆ అదృష్టవంతుడైన అమ్ముదారును గురించి వ్రాయ మొదలుపెట్టిన తరువాత గుట్టు బయటపడెను. అతడు శాక్రమెంటోలోని కెన్నెత్ వాల్టన్ అను న్యాయవాది. భార్యయు లేదు, ఆటబండి నడపు పిల్లవాడును లేడు. ఆ అక్షరములను వ్రాసినవాడు తానే. ఆ పాటలో ఒక మెట్టున తానే వేరొక పేరుతో పాడినట్లు తేలగా ఈబే ఆ విక్రయమును రద్దుచేసెను. విచారణలో అతడును, మరి ఇద్దరు మిత్రులును నలువదికి పైగా మారుపేర్లతో ఒకరి సరకునకు ఒకరు పాట పెంచుచు, ఒకరినొకరు మెచ్చుకొనుచు వందలకొలది వేలములను నడపినట్లు బయటపడెను. 2001లో వాల్టన్ నేరము నొప్పుకొనెను. న్యాయవాద వృత్తి పోయినది. తరువాత 2006లో తన మోసమును తానే ఒక పుస్తకముగా వ్రాసి ప్రకటించెను.

ఈ కథలోని దొంగపాటను గురించి మన చట్టమేమి చెప్పుచున్నదో చూతము. ఇది ఆన్‌లైనుతో పుట్టిన రోగము కాదు. 1930 నాటి వస్తు విక్రయ చట్టములోని 64వ సెక్షను పూర్తిగా వేలముల కొరకే వ్రాయబడినది. అమ్మువాడు తాను పాడు హక్కును ముందుగా బహిరంగముగా ప్రకటింపనియెడల, తాను గాని తన మనిషి గాని పాడుట చట్టవిరుద్ధము. ధర పెంచుటకు బూటకపు పాట పాడించినచో, ఆ విక్రయమును కొన్నవాడు తన ఇష్టము చొప్పున రద్దుచేసుకొనవచ్చును. ఇంత ధరకు తక్కువైతే ఇయ్యనని అమ్మువాడు చెప్పుటలో తప్పులేదు. పూర్వము అబ్కారీ వేలములలో ‘సర్కారువారి పాట’ అనునది అట్టిదే. అది అందరకు వినబడు పాట. దొంగపాట చీకటిలో పాడునది.

ఊరి వేలములో దొంగపాటగాని ముఖము కనబడును. అతడు అమ్మువాని బావమరిది అని ఎవరో ఒకరు గుర్తుపట్టుదురు. ఆన్‌లైనులో ఒక్క మనిషికి పది పేర్లు ఉండవచ్చును. పైగా దొంగపాటగానికి నష్టము దాదాపు లేదు. పాట అతనిమీద నిలిచిపోయినను, కొన్నవాడు డబ్బు కట్టలేదని చెప్పి అదే సరకును మరునాడు మరల వేలమునకు పెట్టుదురు. ‘మొదటి పాటదారుడు తప్పుకొన్నాడు, మీరు చెప్పిన ధరకే మీకు ఇత్తుము’ అని రెండవ పాటదారునకు ఉత్తరము వచ్చినచో, ఆ మొదటివాడు ఎవరై ఉండునో ఆలోచింపవలెను. అట్టి సందర్భములన్నియు మోసములే అనుట న్యాయము కాదు. నిజముగానే డబ్బు సమకూరక తప్పుకొనువారు ఉందురు. కాని అదే అమ్ముదారు వేలములలో ఇది మాటిమాటికి జరుగుచున్నదా అని వెనుకటి చరిత్ర చూచుట అవసరము.

ఇంగ్లాండులో 2010లో బ్రాడ్‌ఫర్డు న్యాయస్థానము ఇట్టి ఒక అమ్ముదారును శిక్షించినది. అతడు ఒక చిన్న బస్సును వేలమునకు పెట్టి, వేరొక పేరుతో తానే పాట పెంచినాడు. బస్సు ఎంత దూరము తిరిగినదో చూపు మీటరును కూడ వెనుకకు త్రిప్పియుంచినాడు. 5,000 పౌండ్ల జరిమానా, 250 గంటల సమాజసేవ విధింపబడినవి. ఆ దేశమున ఆన్‌లైను దొంగపాటకు జరిగిన మొదటి శిక్షగా దానిని చెప్పుదురు.

కొనుగోలుదారులు వ్రాయు మెప్పుకోలు మాటలమీద ఆధారపడవచ్చును గదా అని కొందరు అడుగుదురు. ఆధారపడవచ్చును, కాని ఊతకర్రమీద ఆనుకొనినంత మాత్రమే. చవక సరకులు ఇరువది నిజాయితీగా అమ్మి మంచిపేరు కూడబెట్టి, ఇరువదియొకటవసారి ఖరీదైన సరకుతో మాయమగుట పాత ఎత్తుగడ. పేరు ఎంత మంచిదో చూచుటతోపాటు, ఆ పేరు ఏ సరకులు అమ్మి వచ్చినదో కూడ చూడవలెను.

అసలు వేలమే కాని వేలము ఒకటి కలదు. దానికి ‘పెన్నీ ఆక్షన్’ అని పేరు. మనము ‘పైసాపాట’ అనుకొందము. 2005లో జర్మనీలో మొదలై తరువాత ‘స్వూపో’ అను పేర అమెరికా వరకు వ్యాపించిన సంస్థ ఈ పద్ధతికి ప్రసిద్ధి తెచ్చి, 2011లో మూతపడినది. ఇందులో పాట పాడుటకే రుసుము చెల్లింపవలెను. ఒక్కొక్క పాటకు 60 సెంట్లు. ఆ పాటతో సరకు ధర పెరుగునది, కొన్ని వేలములలో, ఒక్క సెంటు. ప్రతి పాటతో గడియారము మరికొన్ని సెకండ్లు పొడిగింపబడును. ఇక లెక్క చూడుడు. ఒక సరకు 60 డాలర్లకు ముగిసినదనుకొందము. ఒక్కొక్క సెంటు చొప్పున అచ్చటికి చేరుటకు 6,000 పాటలు పడవలెను. ఒక్కొక్కటి 60 సెంట్లు గనుక పాటల రుసుమే 3,600 డాలర్లు వసూలైనది. సరకు ఒకరికి దక్కినది. తక్కినవారందరు పాట రుసుము చెల్లించి చేతులు దులుపుకొన్నారు. కాని ప్రకటనలో మాత్రము ‘వెయ్యి డాలర్ల యంత్రము 60 డాలర్లకే!’ అని పెద్ద అక్షరములలో ఉండును. ఆ వాక్యములో ఒక్క అక్షరము అబద్ధము లేదు. చిట్టచివరి పాటదారుడు కట్టిన ధర అదియే. అతడు ఆ ధరకు చేరువరకు తాను చెల్లించిన రుసుమును గాని, ఓడినవారి సొమ్మును గాని చెప్పకపోవుటలోనే మోసమున్నది. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషను 2011లో ఇట్టి పాటలను గూర్చి ప్రజలను హెచ్చరించినది. మా దృష్టిలో ఇది వేలము వేషము వేసికొన్న లాటరీ.

ఇప్పుడు మా శ్రోతల పాత నాణెముల సంగతికి వత్తము. తెలుగు దేశములోని ఇండ్లను తాకుచున్న మోసము ఇదియే.

ట్రాక్టరు దున్నుచున్న బొమ్మగల పాత 5 రూపాయల నోటు, 786 అంకెతో ముగియు నోటు, వైష్ణోదేవి చిత్రమున్న నాణెము — వీటిలో ఏదేని మీ పెట్టెలో ఉన్నచో లక్షాధికారులు కావచ్చునను ప్రకటనలు పలుమార్లు వచ్చినవి. ఋజువుగా ఏదో వెబ్‌సైటులో అట్టి నాణెము లక్షల ధరతో ఉన్న చిత్రమును చూపుదురు. ఇచ్చట ఒక్క విషయము గ్రహింపవలెను. అది అమ్మువాడు కోరిన ధర. అమ్ముడుపోయిన ధర కాదు. మన దొడ్డిలోని గేదెకు కోటి రూపాయలని బోర్డు కట్టవచ్చును. కొనువాడు రావలెను గదా! లక్షలకొలది అచ్చయిన నోటు, చేతులు మారుచున్న నాణెము అరుదైనవి కానేరవు. నాణెముల విలువ వాటి అరుదుదనమునుబట్టి, ముద్రణశాలనుబట్టి, అరుగుదలనుబట్టి ఉండును. ఆ శాస్త్రము తెలిసినవారు లక్షల ధర చెప్పుటకు ముందు నాణెమును చేతిలోనికి తీసికొని భూతద్దముతో చూతురు. సెల్‌ఫోనులోని చిత్రము చూచి చెప్పరు.

తరువాతి మెట్టు చూడుడు. ప్రకటనలోని నంబరునకు ఫోను చేయగానే అవతలివాడు మర్యాదగా మాటలాడి, మీ నోటునకు లక్షల పాట వచ్చినదని చెప్పును. డబ్బు పంపుటకు ముందు రిజిస్ట్రేషను రుసుము కొంత కావలెననును. అది కట్టిన తరువాత జి.ఎస్.టి., పిమ్మట పన్ను అనుమతి పత్రము, ఆ పిమ్మట రవాణా బీమా. ప్రతిసారియు అడుగు మొత్తము పెరుగును. ఇదివరకు కట్టిన సొమ్ము పోవునేమో అను భయముచేత మనిషి మరల కట్టును. వేలంవెర్రికి ఇది మరొక రూపము: ఇచ్చట పాట పాడువాడు లేడు, తనతో తానే పాడుకొనుచున్నాడు. ఇట్లు ఎక్కువగా మోసపోవువారు కొనువారు కారు, అమ్మదలచినవారు. పదవీ విరమణ చేసినవారు, గృహిణులు, పిల్లల చదువులకు డబ్బు వెదకుకొనుచున్నవారు.

ఈ మోసగాండ్రు రిజర్వు బ్యాంకు పేరును, ముద్రను కూడ వాడుకొనుచుండుటచేత 2021 ఆగస్టులో ఆ బ్యాంకు ఒక ప్రకటన వెలువరించెను. పాత నోట్ల, నాణెముల క్రయవిక్రయములతో తనకు సంబంధము లేదనియు, అందుకై తాను ఏ రుసుమును గాని కమిషనును గాని అడుగననియు, తన పక్షమున వసూలు చేయుటకు ఎవ్వరికిని అధికారము ఇయ్యలేదనియు తెలిపినది. సొమ్ము పుచ్చుకొనవలసినవాడు ముందు సొమ్ము కట్టుట ఎక్కడను లేని వ్యవహారము. అట్లే, యు.పి.ఐ. ద్వారా డబ్బు రావలసినప్పుడు రహస్యసంఖ్యను నొక్కవలసిన పని లేదు. ఆ సంఖ్య నొక్కుట డబ్బు పంపుటకే. ‘ఈ గుర్తును స్కాను చేసి సంఖ్య నొక్కుడు, డబ్బు మీ ఖాతాలో పడును’ అన్నవాడు మీ డబ్బు తీసికొనుటకే అనుచున్నాడు.

బ్యాంకుల ఆస్తి వేలములను గూర్చి కొద్దిగా చెప్పవలెను. ఇవి మోసపు వేలములు కావు. అయినను వాటి ప్రకటనలో ‘ఎక్కడ ఉన్నది అక్కడే, ఎట్లున్నది అట్లే’ అను అర్థముగల వాక్యము ఉండును. చాలమంది దానిని దాటవేసి ధర మాత్రమే చూతురు. ఆ వాక్యమునకు అర్థము, ఇంటిలో అద్దెకున్నవారు ఖాళీ చేయకపోయినను, పన్ను బకాయిలున్నను బ్యాంకు పూచీపడదని. పూర్వపు యజమాని విద్యుత్తు బకాయి ఉన్నచో, నిబంధనలు అనుమతించిన చోట, అది తీర్చువరకు కొత్త కనెక్షను ఇయ్యకుండుటకు విద్యుత్సంస్థకు అధికారమున్నదని 2023లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. పాట దక్కినవాడు ఆ దినముననో మరుసటి పనిదినముననో నాల్గవ వంతు సొమ్ము కట్టవలెను. మిగిలినది గడువులోపల కట్టనియెడల మొదట కట్టినది పోవును. కావున పాటకు ముందే ఈ.సి. తీయించి, ఇల్లు కంటితో చూచి, ఇరుగుపొరుగును విచారింపవలెను.

సరకు దొంగదైనప్పుడు వేలము నడపు సంస్థకు బాధ్యత లేదా? ఈ ప్రశ్నపై పాశ్చాత్య న్యాయస్థానములు ఏకాభిప్రాయమునకు రాలేదు. నగల వర్తకులైన టిఫనీ కంపెనీవారు తమ పేర నకిలీ నగలు అమ్ముడుపోవుచున్నవని ఈబేపై వేసిన దావాలో, ఫలానా సరకు నకిలీ అని ప్రత్యేకముగా తెలిసిననే గాని సంస్థకు ట్రేడుమార్కు బాధ్యత లేదని 2010లో అమెరికా అప్పీలు కోర్టు చెప్పినది. మరుసటి సంవత్సరము లోరియాల్ దావాలో ఐరోపా న్యాయస్థానము, సంస్థ తానే ప్రకటనలను తీర్చిదిద్ది ప్రచారము చేసినచో ఊరక చూచుచున్న మధ్యవర్తినని తప్పించుకొనరాదని తీర్పు ఇచ్చినది. మాకు ఈ రెండవ వాదమే న్యాయముగా తోచుచున్నది. సంత పెట్టి ఆశీలు వసూలు చేయువాడు తూనికరాళ్ళ సంగతి నాకు తెలియదనుట ఎట్లు చెల్లును?

మన దేశమున 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము 2020 జూలైలో అమలునకు వచ్చినది. తప్పుడు వర్ణన ఇచ్చిన ప్రకటనయే కాక, ముఖ్యమైన సంగతిని ఉద్దేశపూర్వకముగా దాచిన ప్రకటన కూడ ఆ చట్టము ప్రకారము తప్పుదోవ పట్టించు ప్రకటనయే. నాటింగ్‌హాము ఫోటో వంటివి ఈ మాటలకు దొరకకపోవు. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ అట్టి ప్రకటనకు 10 లక్షల రూపాయల వరకు, మరల చేసినచో 50 లక్షల వరకు జరిమానా విధింపవచ్చును. ఆన్‌లైను వ్యాపార సంస్థ ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలిపి, నెల దినములలో పరిష్కరింపవలెను. ‘ఇంకను రెండు నిమిషములే’, ‘ఒక్కటే మిగిలినది’ అని బూటకపు తొందర పెట్టుటను 2023 నవంబరులో వెలువడిన మార్గదర్శకములు నిషేధించినవి.

జిల్లా వినియోగదారుల కమిషనులో ఫిర్యాదును కొనుగోలుదారుడు తన నివాసస్థలముననే దాఖలు చేయవచ్చును. అమ్మువాడున్న ఊరికి పోనక్కరలేదు. చెల్లించిన ధర 5 లక్షలకు మించనిచో రుసుము లేదు. గడువు రెండేండ్లు. అయితే ఈ చట్టము వర్తకునినుండి కొన్నవారికే. తిరిగి అమ్ముటకు కొన్నవారికి వర్తింపదు. ఇంటిలోని పాత వస్తువును ఒకసారి అమ్మినవాని విషయములో 1872 నాటి కాంట్రాక్టు చట్టము శరణ్యము. మోసముచే పొందిన సమ్మతితో కుదిరిన ఒప్పందమును రద్దుచేసుకొను హక్కు దానిలో కలదు.

వీటన్నింటికి సాక్ష్యము కావలెను. ప్రకటన అమ్మువాని చేతిలోనిది. సరకు చేతులు మారిన మరుక్షణము దానిని తుడిచివేయవచ్చును. కావున పాడుటకు ముందే ఆ పుటను పూర్తిగా, అడుగున ఉన్న చిన్న అక్షరములతో సహా, సెల్‌ఫోనులో చిత్రముగా తీసి ఉంచుకొనవలెను. పొట్లము వచ్చినప్పుడు దానిని విప్పుచుండగా వీడియో తీయవలెను. అమ్ముదారుతో మాటలు వెబ్‌సైటులోనే సాగవలెను. ‘బయట మాట్లాడుకొందము, చవకగా ఇత్తును’ అన్నచో అచ్చటితో ఆపవలెను. సొమ్ము పోయినదని తెలిసిన వెంటనే 1930 నంబరునకు ఫోను చేయవలెను. ఆ సొమ్ము దొంగ ఖాతానుండి మరొక ఖాతాకు పోకముందే ఆపుటకు అవకాశముండును గనుక అచ్చట గంటలు లెక్కకు వచ్చును. ఇరుగుపొరుగు ఏమనుకొందురో అని రెండు దినములు ఊరకుండినవారికి ఆ అవకాశము సాధారణముగా ఉండదు. సరకును గూర్చిన తగాదాకు జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రము నంబరు 1915. దానిలో తెలుగులో మాట్లాడవచ్చును.